కొన్నది ఒకటి, వచ్చింది ఒకటి

ఆదిత్యపూర్ శివారులోని ఓ తెలుగు ఇంట్లో రెండు కుక్కలు. ఒకదానికి టీకాల కార్డు ఉంది, రెండోదానికి ఊరంతా ఉంది. ఆ తేడా ఎంత పెద్దదో ఒక నవంబరు సాయంత్రం తేలింది.

జంషెడ్‌పూర్‌లో బిష్టుపూర్ దాటి ఖర్కాయి నది వంతెన ఎక్కి దిగితే జిల్లా మారిపోతుంది. ఇవతల తూర్పు సింగ్‌భూమ్, అవతల సరాయికేలా-ఖర్‌సావాన్. ఆ అవతలి ఒడ్డే ఆదిత్యపూర్. 1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీ ఇవతలి ఊరిని గీత గీసినట్టు కట్టుకుంటే, అవతలి ఊరు మాత్రం పెద్ద ఫ్యాక్టరీలకు కావాల్సిన విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్ల చుట్టూ పెరిగింది. 1970ల నుంచి ప్రభుత్వం దాన్ని పారిశ్రామిక ప్రాంతంగా అభివృద్ధి చేసింది. లేతులు, ప్రెస్సులు, ఫోర్జింగ్ సుత్తుల మోతతో పగలంతా ఊరు అదురుతూనే ఉంటుంది. కాండ్రా వైపు పోయే రోడ్డు మీద గమ్హరియా దాటాక ఆ మోత సన్నగిల్లుతుంది. షెడ్లు పలచబడతాయి. వరి మళ్లు, తాటిచెట్లు, అక్కడక్కడా సాల వృక్షాల తోపులు కనిపిస్తాయి. షిఫ్టు సైరన్ వినపడేంత దగ్గరగా, నక్కల ఊళ కూడా వినపడేంత దూరంగా ఉండే చోటు అది.

ఉద్యోగ విరమణ చేసిన వాళ్లు అక్కడ స్థలాలు కొనుక్కుంటారు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి, సొంత ఊరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉండదు, నగరంలో కొనే తాహతు ఉండదు. అలా చేరినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు కంపెనీ పనికి వచ్చిన కుటుంబాలకు జంషెడ్‌పూర్‌లో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో శ్రీరామనవమికి కలుసుకుని, ఇంట్లో శ్రీకాకుళం యాసలో మాట్లాడుకుని, గేటు దాటగానే హిందీలోకి మారిపోయే జనం వాళ్లు.

ఈ కథలోని ఇంటాయన అలాంటివారే. ఆదిత్యపూర్‌లోని ఒక విడిభాగాల యూనిట్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. గమ్హరియా అవతల రెండు గదుల ఇల్లు, వెనక కూరగాయల మడి, చుట్టూ నడుమెత్తు ప్రహరీ. కొడుకు, కోడలు, మనవరాలు హైదరాబాద్‌లో ఉంటారు. ఇంట్లో మిగిలింది దంపతులిద్దరూ, రెండు కుక్కలూ.

మొదటిది రోజీ. లేత పసుపు రంగు లాబ్రడార్. కొడుకు కొనిపెట్టాడు. అమ్మా నాన్నా ఒంటరిగా ఉంటున్నారు, ఇంటికి కాపలాగా ఉంటుందన్నది ఆయన ఉద్దేశం. రెండు నెలల పిల్లగా అట్టపెట్టెలో వచ్చింది. దానితోపాటు ఒక ఫైలూ వచ్చింది. అందులో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, టీకాల కార్డు ఉన్నాయి. 'మా పెళ్లి నాడు కూడా ఇన్ని కాగితాలు చూసుకోలేదు' అని ఇల్లాలు నవ్వారు.

రెండోది కాలూ. దానికి ఫైలు లేదు. ఒక వానాకాలం రాత్రి ప్రహరీ మూల బూడిదగుంటలో ముడుచుకుని పడుకుని కనిపించింది. అప్పటికే ఏడాది వయసుండొచ్చు. నల్లటి ఒళ్లు, కాళ్ల దగ్గర గోధుమ రంగు, నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి మెలితిరిగిన తోక. పక్కింటి మహతోల పిల్లలు దాన్ని 'కాలూ' అని పిలిచారు. హిందీలో నల్లోడని అర్థం. సెలవులకు వచ్చిన మనవరాలికి మాత్రం అది తెలుగులోనే వినపడింది. 'నానమ్మా, నాలుగు కాళ్లున్న దాన్ని కాలు అంటారేంటి?' అని పడీపడీ నవ్వింది. పేరు అలాగే నిలిచిపోయింది.

భాషలోనూ రెండింటికీ తేడా వచ్చింది. రోజీకి అంతా ఇంగ్లీషే. 'సిట్', 'కమ్', 'నో' అంటే తప్ప దానికి అర్థం కాదని కొడుకు చెప్పి వెళ్లాడు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు మాట్లాడటానికి మొహమాటపడే ఇల్లాలు కూడా రోజీతో మాత్రం ఇంగ్లీషులోనే వ్యవహరిస్తారు. కాలూతో ఎవరి భాష వాళ్లదే. ఇంటాయన 'ఎక్కడికెళ్లొచ్చావురా?' అంటారు. మహతో పిల్లలు కుర్మాలీలో పిలుస్తారు. సందు చివరి హో కుటుంబంలోని అవ్వ తన భాషలో తిడుతుంది. నాలుగు భాషలకూ అది చెవులు రిక్కిస్తుంది.

లాబ్రడార్ వేటకుక్కగా రూపుదిద్దుకున్నది బ్రిటన్‌లో అయినా, దాని పూర్వీకులది కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్. అక్కడి చల్లటి సముద్రంలో జాలర్లకు వలలు లాగిపెట్టేవి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ జమీందార్లు వాటిని తెచ్చుకుని, వేటలో కొట్టిన పక్షులను ఏరుకొచ్చేందుకు పెంచారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దాన్నొక జాతిగా గుర్తించింది. మంచునీళ్లలో తడవకుండా ఉండేందుకు రెండు పొరల బొచ్చు దాని సొత్తు. ఆ బొచ్చుతోనే మే నెలలో 40 డిగ్రీలు దాటే సింగ్‌భూమ్ ఎండను భరించాలి. అందుకే వేసవంతా రోజీ కూలర్ ముందు, తడిపిన గోనెపట్టా మీద నాలుక వేలాడేసుకుని పడి ఉంటుంది. కరెంటు పోతే ముందు రోజీకే తెలుస్తుంది. లేచి వచ్చి ఇంటాయన మొహంలోకి చూస్తుంది, బటన్ ఆయన చేతిలోనే ఉన్నట్టు.

దాని ఆకలికి అంతు ఉండదు. తిన్న అయిదు నిమిషాలకే ఖాళీ గిన్నెను మూతితో నెట్టుకుంటూ వంటింట్లోకి వస్తుంది. ఇది ఒక్క రోజీ దుర్గుణం కాదు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో బయటపెట్టిన విషయం ఏమిటంటే, లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని అదుపుచేసే ఒక జన్యువులో చిన్న ముక్క ఉండదు. ఈ సంగతి విన్నాక ఇల్లాలి మనసు కరిగింది. 'పాపం, కడుపు నిండినట్టు దానికి తెలీదటండీ' అంటూ రెండు బిస్కెట్లు ఎక్కువే పెట్టడం మొదలుపెట్టారు. పశువైద్యుడు ఇంకో మాట చెప్పారు. తెలియనిది దానికి కాబట్టి తెలుసుకోవాల్సింది పెట్టేవాళ్లేనన్నారు. ఆ తర్వాత కొలత గిన్నె వచ్చింది.

కాలూకు కొలతా లేదు, వేళా లేదు. మిగిలిన అన్నంలో కాస్త చారో, చేప కడిగిన నాడు తలకాయలో. అదీ సగం తిని వదిలేస్తుంది. మహతోల ఇంట్లో అంబలి, అవ్వ ఇంట్లో ఎముక, దారిలో చిక్కిన ఎలుక. మూడిళ్ల కుక్క అది. ఇంటాయన ఉదయం కూరగాయల సంతకు బయల్దేరితే వెంట నడుస్తుంది. రావిచెట్టు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి వేరే కుక్కల రాజ్యం. ఆయన తిరిగొచ్చేదాకా ఆ చెట్టు కిందే కూచుంటుంది. రాత్రి పదయితే ప్రహరీ చుట్టూ ఒక గస్తీ, మహతోల పశువుల పాక దాకా మరొకటి. మనిషిని చూసి మొరిగే మొరుగుడు వేరు, నక్కను చూసి మొరిగేది వేరు, పామును చూస్తే వెనక్కి వెనక్కి గెంతుతూ సన్నగా అరిచేది వేరు. పక్క మీంచి లేవకుండానే బయట ఏం జరుగుతోందో ఇంటాయన చెప్పగలరు. కాపలా కోసమని కొన్న కుక్క అప్పుడు కూలర్ ముందు గుర్రుపెడుతూ ఉంటుంది.

కాలూలాంటి కుక్కలను ఇంగ్లీషులో 'పరియా డాగ్' అంటారు. ఆ పేరు వెనక పెద్ద చరిత్రే ఉంది. పరై అనే డప్పును వాయించే తమిళ దళిత కులం పేరును తెల్లదొరలు 'వెలివేసిన' అనే అర్థంలో వాడుకలోకి తెచ్చి, దాన్నే ఈ దేశపు కుక్కలకు తగిలించారు. మనుషులను అవమానించే మాటనే కుక్కకూ పేరుగా పెట్టారు. తెలుగులో 'ఊరకుక్క' అనడంలోనూ గౌరవమేమీ లేదు. అయితే ఒక నిజం మాత్రం ఆ మాటలో ఉంది. అది ఊరి కుక్క. ఎవరో ఎంపిక చేసి జతకట్టిస్తే పుట్టింది కాదు. వేల ఏళ్లుగా ఈ ఎండకు, ఈ ఎంగిలికి, ఈ మనుషుల కర్రలకు తట్టుకుని మిగిలినవాటి సంతతి. దళ్మా కొండల చుట్టుపక్కల ఆదివాసులకు అది వేట సహచరి కూడా. ఏటా ఎండాకాలంలో సెందరా పండుగకు విల్లంబులతో కొండెక్కే జనం వెంట ఇలాంటి కుక్కలే నడుస్తాయి. వన్యప్రాణుల అభయారణ్యంలో వేట వద్దని అటవీశాఖ ప్రతిసారీ నచ్చచెప్పాల్సి వస్తుంది.

రెండు కుక్కలూ రెండు ప్రపంచాల నుంచి వచ్చినా కొట్లాడుకున్నది లేదు. రోజీ గిన్నె దగ్గరికి కాలూ పోదు. బూడిదగుంట జోలికి రోజీ వెళ్లదు. సాయంత్రం గేటు తీస్తే ఇద్దరూ కోసేసిన వరిమళ్లలో పరుగులు తీస్తారు. రోజీ పది నిమిషాలకే అలసి కూలబడితే, కాలూ దాని చుట్టూ రెండు చక్కర్లు కొట్టి వచ్చి పక్కన కూచుంటుంది. చూసేవాళ్లకు ఆ ఇంటివి రెండు కుక్కలు. లెక్కలో మాత్రం ఒకటే. పశువైద్యుడి దగ్గరికి ఏటా వెళ్లేది రోజీ. పురుగుల మందు రోజీకి. మెడపట్టీ రోజీకి. కాలూను ఎవరూ వద్దనుకోలేదు, అలాగని నాదీ అని ఎవరూ అనుకోలేదు. మూడిళ్ల కుక్క అంటే, బాధ్యత దగ్గరికి వచ్చేసరికి, ఏ ఇంటిదీ కానిదని అర్థం.

2024 నవంబరులో వరికోతలు సాగుతుండగా ఒక సాయంత్రం పొలం గట్ల మీదుగా ఓ కొత్త కుక్క వచ్చింది. నోటి వెంట చొంగ, తూలుతున్న నడక. మహతోల దూడ మీదికి పోబోతే కాలూ అడ్డుపడింది. కర్రలతో జనం వచ్చేలోపు కాలూ భుజం మీద, ముక్కు పక్కన గాట్లు పడ్డాయి. ఆ కుక్క పారిపోయింది. మర్నాడు కాలవ గట్టున చచ్చిపడి ఉందని కబురొచ్చింది. పరీక్షకు పంపాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చేలోపే పాతిపెట్టేశారు. దానికి పిచ్చి ఉందో లేదో ఇక తేలే మార్గం లేకుండా పోయింది.

ఇంటాయన చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, కుళాయి కింద సబ్బుతో పావుగంట సేపు గాయాలు కడిగారు. ఆటో మాట్లాడి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు ముందు అడిగిన ప్రశ్న గాయాల గురించి కాదు.

'ఇది మీదేనా?'

చాలా మామూలు ప్రశ్న. రోజీ విషయంలో ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు, కార్డు మీద పేరుంది. ఇంటాయన వెంటనే జవాబు చెప్పలేదని ఆటోలో తోడొచ్చిన మహతో తర్వాత అందరితో చెప్పేవాడు. దాని వెనక కారణం ఉంది. మాది కాదంటే సంగతి అక్కడితో ముగుస్తుంది. కుక్క మళ్లీ ఊళ్లోకి పోతుంది, ఏమైతే అదవుతుంది. మాదే అంటే ఏం మొదలవుతుందో డాక్టరు మొహం చూస్తేనే తెలుస్తోంది.

'మాదే' అన్నారాయన.

అప్పుడు డాక్టరు వివరంగా చెప్పారు. రేబిస్ క్రిమి గాయం నుంచి నరాల వెంట మెదడుకు పాకుతుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేసిన కుక్కయితే ఒక బూస్టరు వేసి గమనిస్తే సరిపోతుంది. టీకా లేని కుక్కను పిచ్చికుక్క కరిస్తే చాలా దేశాల్లో చంపేయమనే సలహా ఇస్తారు. లేదంటే అయిదు సూదులు వేయించి, ఆరు నెలలు మనుషులకూ జంతువులకూ దూరంగా కట్టేసి ఉంచాలి. మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకు సూదులు. కట్టేయడంలో ఒక్కరోజు కూడా మినహాయింపు లేదు. 'ఉంచగలరా?' అని ఆయన అడిగారు.

ఇంటాయన అరచేతుల మీద తోటపనిలో అయిన గీతలున్నాయి. సంచి ఎక్కడైనా చిరిగి ఉండొచ్చు. డాక్టరు ఆయన్ను కూడా ఆసుపత్రికి పంపారు. చర్మంలోకి ఎక్కించే పద్ధతిలో నాలుగుసార్లు సూదులు రాశారక్కడ. 0, 3, 7, 28. గోడ క్యాలెండర్ మీద ఇల్లాలు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. యజమానికి నాలుగు, కుక్కకు అయిదు.

పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లన్న భయం ఆ తరం వాళ్లందరికీ ఉండేది. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో తయారుచేసిన ఆ పాత టీకాను గొర్రె మెదడు కణజాలంతో చేసేవారు. నొప్పి ఎక్కువ, దుష్ప్రభావాలూ ఎక్కువే. 2005 నాటికి మన దేశం దాన్ని వదిలేసి కణ వర్ధనం టీకాలకు మారింది. ఇప్పుడు అవి భుజానికే. భయం తగ్గింది కానీ ముప్పు పోలేదు. మన దేశంలో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం అంచనా వేస్తూ వచ్చింది. ఇటీవల భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తల అధ్యయనం ఆ సంఖ్యను 5,700 ప్రాంతానికి దించింది. దించినా అది ప్రతి ఒక్క ప్రాణాన్నీ కాపాడగలిగే వ్యాధి. మనిషికి సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే వస్తుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి ఏటా టీకా వేస్తే వ్యాధి గొలుసు తెగిపోతుందన్నది లెక్క. ఆ 70 శాతం రోజీలతో పూర్తి కాదు.

ఇరుగుపొరుగు సలహాలు వచ్చాయి. సువర్ణరేఖ అవతల వదిలేసి రమ్మన్నారు ఒకరు. అన్నంలో ఏదైనా కలిపి పెట్టేస్తే దానికీ బాధ తప్పుతుందన్నారు ఇంకొకరు. సలహా ఇచ్చినవాళ్లు దుర్మార్గులు కారు. ఆ సందులో పిల్లలున్నారు, పశువులున్నాయి. భయం న్యాయమైనదే. నది అవతల వదిలేస్తే భయం కూడా నది దాటుతుందే తప్ప పోదని ఇంటాయన వాదన. 'అవతల మాత్రం పిల్లల్లేరా దాదా?' అని మహతోను అడిగారు. మహతో నోరెత్తలేదు. మర్నాడు వెదురు తడికలు తెచ్చి పెరట్లో దడి కట్టడానికి సాయం పట్టాడు.

ముప్పై ఏళ్ల ఫిట్టరు పనితనం అప్పుడు అక్కరకొచ్చింది. దడి లోపల రెండు ఇనప గుంజలు పాతి, వాటి మధ్య మోకాలెత్తున మందపాటి తీగ బిగించారు. తీగకు ఒక రింగు, రింగుకు స్ప్రింగు, స్ప్రింగుకు గొలుసు. కుక్క ఒకచోట కూలబడిపోకుండా పదిహేను అడుగుల మేర అటూ ఇటూ నడవొచ్చు. లాగితే మెడ ఒరుసుకోదు. నీళ్ల తొట్టిని బయటి నుంచే నింపేలా ఒక పైపు వేశారు.

మొదటి రెండు వారాలూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఊరంతా తిరిగే కుక్క పదిహేను అడుగుల్లో బందీ అయింది. రాత్రి పదింటికి గస్తీ వేళకు లేచి తీగ చివరిదాకా పోయి, గొలుసు ఆపేస్తే అక్కడే నిలబడి, చీకట్లోకి మొరిగేది. అది పడుకునే చోట గలీజు చేయదు. గొలుసు చివరిదాకా పోయి ఓర్చుకునేది. ఇంటాయన తెల్లవారుజామున నాలుగింటికి లేచి రబ్బరు తొడుగులు వేసుకుని, పొడవాటి పారతో శుభ్రం చేసేవారు. ప్రతి ఉదయం నీళ్లు తాగుతోందా, గొంతు మారిందా, వెలుతురు చూసి బెదురుతోందా అని గమనించి ఒక పుస్తకంలో రాసేవారు. 'నీళ్లు తాగింది. తిన్నది. తోక ఊపింది.' ఆరు నెలల పుస్తకంలో ఎక్కువ పేజీల్లో ఉన్నది ఈ మూడు వాక్యాలే.

కాలూ లేని ఊరెలా ఉంటుందో కూడా ఆ ఇంటికి తెలిసొచ్చింది. అవతలి సందు కుక్కలు రావిచెట్టు దాటి లోపలికి వచ్చాయి. ఒక మధ్యాహ్నం మేకలు గేటు తోసుకొచ్చి చిక్కుడు పాదు మొత్తం మేసిపోయాయి. రోజీ అరుగు మీంచి తోక ఊపుతూ చూసింది. దాన్ని తిట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. ఎవరొచ్చినా ఆదరించేందుకే తయారైన కుక్క అది. కాకపోతే అది కొత్త అలవాటు ఒకటి నేర్చుకుంది. పగలంతా దడికి ఇవతల, తడిక నీడలో పడుకోవడం. డాక్టరు చెప్పిన దూరం తగ్గకుండా ఇంటాయన మధ్యలో మరో కంచె వేశారు. ఆ కంచె ఇవతల రోజీ, అవతల కాలూ. కూలర్ తిరుగుతున్నా ఏప్రిల్ ఎండలో రోజీ ఆ చోటు మానలేదు.

జనవరిలో మనవరాలు సంక్రాంతికి వచ్చింది. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల పల్లెల్లో టుసు పరబ్. రంగు కాగితాల చౌడల్‌లు ఎత్తుకుని ఆడవాళ్లు పాడుతూ నదికి వెళ్తుంటే చూసి వచ్చిన పిల్ల తిన్నగా పెరట్లోకి పరుగెత్తబోయింది. నానమ్మ రెక్క పట్టుకుని ఆపారు. ఎందుకో చెప్పారు. పిల్ల అంతా విని ఒక్కటే అడిగింది.

'రోజీకి సూది వేయించారు కదా. మరి కాలూకెందుకు వేయించలేదు?'

'దాన్ని కొన్నాం అమ్మా' అన్నారు ఇల్లాలు. 'ఇదేమో వచ్చింది.'

అంతకన్నా సూటిగా ఈ దేశపు కుక్కల సంగతి ఎవరూ చెప్పలేరు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు కోటి 53 లక్షలు. ఆ లెక్కలో చేరినవాటిలో, చేరనివాటిలో కాలూలు ఎన్నో. పూర్తిగా వీధివీ కావు, పూర్తిగా ఇంటివీ కావు. అన్నం పెట్టే చేతులున్నాయి, పేరుంది, పిలిస్తే వస్తాయి. సూది దగ్గర మాత్రం అనాథలు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలను 'సమాజ జంతువులు' అన్నాయి. మాట మంచిదే. అయితే సమాజం ఆటో మాట్లాడుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లదు. ఎవరో ఒకరు వెళ్లాలి.

2025 మేలో ఆరు నెలలు నిండాయి. డాక్టరు వచ్చి చూసి, మరోసారి టీకా వేసి, గొలుసు విప్పమన్నారు. పరుగు లంకించుకుంటుందనుకుని పిల్లలు ప్రహరీ ఎక్కి కూచున్నారు. కాలూ తీగ వెంట రోజూ నడిచినంత మేర నడిచి, చివర్లో ఆగింది. గొలుసు లేదన్న సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత దడి దాటి, రోజీని ఒకసారి వాసన చూసి, నేరుగా బూడిదగుంటలోకి వెళ్లి పడుకుంది. రాత్రి పదింటికి మాత్రం లేచింది. అవతలి సందు కుక్కలను రావిచెట్టు దాటించడానికి దానికి నాలుగు రాత్రులు పట్టింది.

ఆ ఆగస్టులో టీవీలన్నీ కుక్కల చర్చతో హోరెత్తాయి. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను పట్టి ఆశ్రయాల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 11న ఆదేశించింది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. పిచ్చి ఉన్నవాటిని, దూకుడుగా ఉండేవాటిని మినహాయించి, మిగిలినవాటికి శస్త్రచికిత్స, టీకా చేసి పట్టిన చోటే వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కలను అక్కడి నుంచి తొలగించాలని, తిరిగి అక్కడే వదలొద్దని మరో ఆదేశం వచ్చింది. స్టూడియోల్లో కుక్కలను ప్రేమించేవాళ్లు, కుక్కలకు భయపడేవాళ్లు అని రెండు పక్షాలు కూచున్నాయి. గమ్హరియా అవతలి సందులో ఆ రెండు పక్షాలూ ఒకే మనుషులు. అన్నం పెట్టేదీ వాళ్లే, పిల్లల కోసం భయపడేదీ వాళ్లే.

సెప్టెంబరులో ఒక ఉదయం ఇంటాయన పిలుపు మీద పశువైద్య సహాయకుడు ఐసు డబ్బాతో వచ్చి రావిచెట్టు కింద కూచున్నాడు. మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, ఎండెక్కకముందే పని కావాలి. మొదటి సూది రోజీకి. మునుపటిలాగే బిస్కెట్ కోసం చూస్తూ నిలబడింది. రెండోది కాలూకు. అయిదు సూదుల అనుభవం ఉన్నది కావడంతో సిరంజి కనపడగానే చెట్టు చుట్టూ నాలుగు చుట్లు తిప్పించింది. ఆ తర్వాత జనం ఒక్కొక్కరే తాడు కట్టిన కుక్కలతో రావడం మొదలైంది. సువర్ణరేఖ అవతల వదిలేయమని సలహా ఇచ్చిన పెద్దమనిషి తన పాకలో పడుకునే గోధుమ రంగు కుక్కను గోనెసంచిలో చుట్టి ఎత్తుకొచ్చాడు. హో అవ్వ తన భాషలో తిడుతూనే రెండింటిని ఈడ్చుకొచ్చింది.

సహాయకుడి దగ్గర ఒక రిజిస్టరు ఉంది. అందులో కుక్క పేరు, రంగు, వయసు, యజమాని పేరు రాయాలి. కుక్కల పేర్లు చెప్పడానికి ఎవరూ తడుముకోలేదు. భూరీ, షేరా, లాలూ, మళ్లీ మళ్లీ కాలూ. యజమాని గడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతి ఒక్కరూ ఆగారు. 'మా ఇంటి ముందు పడుకుంటుందంతే' అన్నారు. 'పిల్లలు అన్నం పెడతారు' అన్నారు. గడి ఖాళీగా ఉంటే కార్డు ఇవ్వడం కుదరదని సహాయకుడు చెప్పాడు. కొంతసేపు గొణిగాక ఒక్కొక్కరే పేరు చెప్పారు. మధ్యాహ్నానికి రిజిస్టరులో పందొమ్మిది కుక్కలున్నాయి. యజమాని లేనివి మూడే మిగిలాయి.

ఆ మూడింటికి ఇంటాయన తన పేరే రాయించారు. 'వచ్చే ఏడు కూడా మీరే పట్టుకు రావాలండీ మరి' అని ఇల్లాలు ముందే చెప్పేశారు. ఆ తేదీలను ఆమె అప్పటికే క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నారు.